వడగట్టిన నీళ్ళు

తాడేపల్లిగూడెంలో నేను పాఠాలు చెప్పే డిగ్రీ కాలేజీలో ఆఖరి సంవత్సరం పిల్లలు ఏటా ఒకసారైనా అడుగుతారు. "మేడమ్, పీహెచ్‌డీ ఎందుకు చేస్తారండీ?" అని. వాళ్ళ ముఖాల్లో వెటకారం ఉండదు, అదే నా బాధ. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతారు. వరండాలో తిరిగే ప్రిన్సిపాల్ గారికి కూడా వినపడేట్టు గొంతు పెంచి, విజ్ఞానం అనీ, సమాజం అనీ ఏదో వాగి, అటెండెన్స్ రిజిస్టరు చంకలో పెట్టుకుని బయటపడతాను. స్టాఫ్ రూములో కూర్చున్నాక నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. ఉల్లిపాయల మార్కెట్టు వైపు నుంచి గాలి వీచిందంటే ఆ గదంతా ఘాటు. కళ్ళు తుడుచుకుంటే ఎవరూ ఎందుకని అడగరు, అదొక్కటే సుఖం.

నిజం చెబితే పిల్లలు హడలిపోతారు. మా యూనివర్సిటీలో రీసెర్చి స్కాలర్ల గదిలో నలుగురం ఉండేవాళ్ళం. ఫ్యాను ఒకటే, అదీ తలుపు దగ్గర కూర్చున్నవాళ్ళకే తగిలేది. ఒకాయన ఉద్యోగం వచ్చేదాకా ఏదో ఒకటి అని చేరి, ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయాడు. ఒకమ్మాయి పెళ్ళిచూపులు తప్పించుకోడానికి చేరింది. ఇంకొకాయన బావమరిది పేరు ముందు డాక్టరు ఉందట, అందుకని ఈయనకీ కావాలి. ఒకళ్ళని ఒకళ్ళు ఏడిపించుకుంటూ నవ్వుకునేవాళ్ళం గానీ, ఎవరి దిగులు వాళ్ళకి ఉండేది. ఇంత రాసి ఏం లాభం, గైడు చదువుతాడు, ఇద్దరు పరీక్షకులు తిరగేస్తారు, తర్వాత లైబ్రరీలో చెదలు చదువుతాయి అనుకునేవాళ్ళం. నేనూ ఏదో ఉద్ధరించాలని చేరలేదు. ఎమ్మెస్సీలో మార్కులు బాగా వచ్చాయి, ఖాళీగా ఉంటే అమ్మ ఊరుకోదు, చేరాను. మిషన్ బడిలో టీచరుగా రిటైరైన మా నాన్న మాత్రం, "ఎవరికైనా పనికొచ్చేది చూడమ్మా" అన్నారు. అలాగేనండీ అని నవ్వేసి ఊరుకున్నాను.

నా టాపిక్కు కొల్లేటి నీళ్ళలో నాచు. చేపల చెరువుల వాళ్ళు వదిలేసే నీళ్ళు మేతతో, ఎరువుతో సహా వచ్చి కొల్లేట్లో కలుస్తాయి. ఆ బలానికి కంటికి కనపడని నాచు విపరీతంగా పెరుగుతుంది. ఆ నీళ్ళు సీసాల్లో పట్టి తెచ్చి, మైక్రోస్కోపు కింద ఒక్కో చుక్కలో ఎంత నాచు ఉందో లెక్కపెట్టాలి. వినడానికి ఎంత నీరసంగా ఉందో చేయడానికీ అంతే.

మొదటి ఏడాది నేనే వెళ్ళేదాన్ని. ఏలూరులో బస్సెక్కి, దిగి, ఆటోలో గట్టు రోడ్డు మీద పోతే రెండు వైపులా చేపల చెరువులే. ఆ చివర నీళ్ళ మధ్య మెరక మీద ఒక లంక ఊరు. నా నీళ్ళు పట్టాల్సిన చోటు ఆ ఊరి వెనక, చెరువుల మురుగు వచ్చి కాలువలో కలిసే దగ్గర. ఊరివాళ్ళు తాగే చెరువు నిండేది కూడా ఆ కాలువతోనే. డబ్బా నీళ్ళ ఆటో వస్తే కొనుక్కుంటారు, వానలకి రోడ్డు తెగితే అదీ లేదు.

అక్కడే మామ్మగారు పరిచయమయ్యారు. అరవై దాటిన మనిషి. పుట్టినప్పట్నుంచీ చేపల వేటలోనే బతికారు. భర్త పోయాక కొడుకూ కోడలి దగ్గర ఉంటూ, పొద్దున్నే తనే దోనె వేసుకుని వలలు చూసుకొచ్చేవారు. నన్ను ఆ దోనెలో కూర్చోబెట్టుకుని గెడ వేసుకుంటూ తీసుకెళ్ళేవారు. నేను ఒక పక్కకి వంగితే, "కదలకండి అమ్మాయిగారూ, ఇద్దరం చేపలకి మేతైపోతాం" అని నవ్వేవారు. నాలుగోసారో ఐదోసారో వెళ్ళినప్పుడు, గెడ ఆపి అడిగారు.

"అమ్మాయిగారూ, ఇన్నిసార్లు ఇన్నేసి సీసాలు పట్టుకెళ్తన్నారు కదండీ. ఇంతకీ ఈ నీళ్ళు మా పిల్లలు తాగొచ్చాండీ, తాగకూడదాండీ? ఆ ఒక్క మాటా చెబితే చాలండీ."

ఆవిడ మనవరాలికి ఆరేళ్ళు. ఆ పిల్లకి నెలకోసారి విరేచనాలు, ఒళ్ళంతా దద్దుర్లు. చెబుతానండీ, లెక్కలన్నీ అయ్యాక కచ్చితంగా చెబుతాను అన్నాను. ఆ రోజు ఇంటికొచ్చేటప్పుడు బస్సులో నాకు ఏదో గర్వం వచ్చింది. నా నాచు కోసం ఒక మనిషి ఎదురు చూస్తోంది! స్కాలర్ల గదిలో నాలాంటి అదృష్టం ఎవరికీ పట్టలేదు. అప్పట్నుంచీ నేను ఎందుకు చదువుతున్నానంటే దానికి ఒక జవాబుంది, ఆ జవాబు మామ్మగారే.

రెండో ఏడు మొదట్లో ఫెలోషిప్ ఆగింది. తాడేపల్లిగూడెం కాలేజీలో చేరాను. వారమంతా క్లాసులు, పేపర్లు దిద్దడం, అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరగడం. మిగిలేది ఆదివారం. ఆ రోజు పొద్దున గుడిలో ఆరాధనకి రాకపోతే అమ్మ వారం పొడుగునా ముఖం ముడుచుకుంటుంది. ప్రతి వారం నీళ్ళు పట్టడం నా వల్ల కాదని తేలిపోయింది. మామ్మగారికి పెట్టెడు సీసాలూ, నాచు చెడిపోకుండా నాలుగు చుక్కలు వేయాల్సిన గోధుమరంగు మందూ ఇచ్చి, ఎలా పట్టాలో ఒక్కసారి చూపించాను. వారానికి రెండు సీసాలు పట్టి మూత బిగించి పెడితే, నేను నెలకోసారి వచ్చి పట్టుకెళ్తానన్నాను.

"దానికేవుందండీ, మీ చదువుకి నేను ఆ మాత్రం చెయ్యలేనాండీ" అన్నారు మామ్మగారు. ఆ పెట్టెని చీర చెంగుతో తుడిచి, దేవుడి పటం కింద పెట్టారు.

రెండేళ్ళు ఒక్క వారం కూడా తప్పలేదావిడ. తుఫాను వారం కూడా రెండు సీసాలూ సిద్ధం. నేను ఇంటి ముందు ఆటో దిగి, సీసాలు సంచిలో సర్దుకుని, అదే ఆటోలో వెనక్కి వెళ్ళిపోయేదాన్ని. కాలువ వైపు తొంగి కూడా చూడలేదు. థీసిస్‌లో మాత్రం నమూనాలన్నీ పరిశోధకురాలు స్వయంగా సేకరించినట్టు రాశాను. అందరూ అలాగే రాస్తారు. మామ్మగారి ఊసు ఎక్కడా లేదు. కృతజ్ఞతల పేజీలో మా గైడుగారి భార్యకి కూడా చోటు దొరికింది గానీ ఆవిడకి దొరకలేదు. ఛీ, ఇది రాస్తుంటేనే సిగ్గేస్తోంది.

లెక్కలు చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. మొదటి ఏడాది సీసాల్లో నాచు గుమ్మరించినట్టు ఉండేది. రెండో ఏడు సగానికి సగం పైగా తగ్గింది, మూడో ఏడూ అంతే. మడ్డి కూడా లేదు, నీళ్ళు తేటగా ఉన్నాయి. మా గైడు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "అమ్మా, ఇది చిన్న సంగతి కాదు. కొల్లేరు కోలుకుంటోంది. కారణం పట్టుకో" అన్నారు. పట్టుకున్నాను! ఆ కాలువ పక్కన జమ్ము గడ్డి దట్టంగా పెరగడం మొదటి ఏడాదే చూశాను. ఆ జమ్మే మురుగుని వడగట్టి నీటిని శుభ్రం చేస్తోందని నలభై పేజీల అధ్యాయం రాశాను. గ్రాఫులు గీశాను, రంగులు వేశాను. ఒక సదస్సులో చదివితే చప్పట్లు కొట్టారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ ఊపులోనే మామ్మగారికి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. ఒక పేజీ తెలుగులో టైపు చేయించి, ఊరి పేరు పైన పెద్ద అక్షరాల్లో పెట్టి తీసుకెళ్ళాను. కాచి తాగడం మంచిదనీ, కానీ మీ ఊరి కాలువ నీరు ఏడాదికేడాది మెరుగవుతోందనీ అందులో ఉంది. ఊరి పెద్దాయన అరుగు మీద కూర్చుని దాన్ని అందరికీ గట్టిగా చదివి వినిపించారు. ఆడవాళ్ళు కూడా చుట్టూ చేరారు. మామ్మగారు అందరి వెనకా నిలబడి, తన మనవరాల్ని ఎత్తుకుని విన్నారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. పెద్దాయన ఆ కాగితాన్ని ఏలూరు పంపించి లామినేషన్ చేయించి, తన ఇంటి గోడకి తగిలించారు.

మూడో ఏడు చివర్లో ఒక రెండో శనివారం కాలేజీకి సెలవొచ్చింది. ఆదివారం బదులు ముందు రోజే వెళ్ళాను. ఇంట్లో మామ్మగారు లేరు. కాలువ రేవులో ఉన్నారంటే అటు నడిచాను. ఆవిడ మెట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నారు. ఎదురుగా స్టీలు గిన్నె. గిన్నె మూతికి తెల్లటి పాత నేత చీర ముక్క మడతలు పెట్టి కట్టారు. చెంబుతో కాలువ నీళ్ళు ముంచి, ఆ గుడ్డ మీద నింపాదిగా పోస్తున్నారు. పక్కనే నా సీసాలు రెండు, మూతలు తీసి ఉన్నాయి.

"ఏంటి మామ్మగారూ ఇది?" అన్నాను.

"మీరాండీ! రేపు కదండీ వస్తానన్నారు? మీ నీళ్ళేనండీ, వడగడుతున్నాను. ఇదిగో అయిపోయింది."

"ఎప్పట్నుంచి వడగడుతున్నారు?"

"మొదట్నుంచీనండీ. నాలుగు మడతలండీ. ఉతికి ఆరేసిన గుడ్డే, మీకు అనుమానం అక్కర్లేదు." ఆవిడ ముఖంలో ఎంత తృప్తో. ఆ గుడ్డ విప్పి నాకు చూపించారు. దాని మీద పచ్చగా, జిగటగా పేరుకుని ఉంది నా రెండేళ్ళ నాచు. మామ్మగారు దాన్ని రెండు జాడింపులు జాడించి కాలువలో వదిలేశారు.

అరిచాను. అబద్ధం చెప్పడం ఎందుకు, ఆ ముసలావిడ మీద ఊరంతా వినపడేట్టు అరిచాను. "ఎవరు వడగట్టమన్నారండీ మిమ్మల్ని? ముంచి పోయమన్నాను గానీ వడగట్టమని చెప్పానా? నా చదువంతా నాశనం చేశారు కదండీ!"

ఆవిడ లేచి నిలబడ్డారు. చేతులు తడిగా ఉన్నాయి, చీరకి తుడుచుకోవడం కూడా మర్చిపోయారు. తర్వాత మెల్లగా అన్నారు.

"కోప్పడకండి అమ్మాయిగారూ. మీరు వచ్చిన మొదటి రోజున గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చానండీ. మీరు పుచ్చుకోలేదు. సంచిలోంచి మీ సీసా తీసుకుని తాగారు. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా అంతేనండీ. మా నీళ్ళు మీకు అసయ్యం అనుకున్నాను. కాలేజీలో పెద్దోళ్ళు చూసే నీళ్ళు కదా, మా ఊరి పేరు రాసి పెడతారు కదా, నలకలతో ఎలా పంపుతామండీ? ఇంటికొచ్చినోళ్ళకి నీళ్ళిచ్చినా వడగట్టే కదండీ ఇస్తాం."

నేను ఆ మెట్టు మీదే కూర్చున్నాను. జమ్ము వడగట్టిందని నలభై పేజీలు రాశానే, వడగట్టింది మామ్మగారి పాత చీర. ఒక్కసారి, రెండేళ్ళలో ఒక్కటంటే ఒక్కసారి రేవు దాకా వచ్చి చూసినా తెలిసేది. నాచు కొలిచేవాళ్ళకి వడగట్టిన నీళ్ళు పనికిరావని ఆవిడకి ఎవరు చెప్పాలి? నేనే చెప్పాలి. ముంచి పోయండి అన్నాను గానీ ఎందుకో చెప్పలేదు. ఆవిడకి అర్థం కాదులే అనుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది ఆ లామినేషన్ కాగితం. పరుగున పెద్దాయన ఇంటికెళ్ళాను. గోడ మీద లేదు. ఆయన ఎంతో సంబరంగా చెప్పారు. "ఏలూరులో ఇంజినీరు గారి ఆఫీసులో ఇచ్చేశామండీ. ఊరికి మంచినీళ్ళ పైపులైను వెయ్యమని అర్జీ పెట్టాం కదండీ, దానికి మీ కాగితం జత చేశాం. చదువుకున్నావిడ రాసింది ఉంటే విలువ కదండీ!" నీళ్ళు బాగుపడుతున్నాయని రాసిన కాగితాన్ని, మా నీళ్ళు బాగాలేవు మంచినీళ్ళివ్వండి అన్న అర్జీకి జత చేశారు. అందులో ఏముందో ఊరంతా విన్నారు. ఒక్కరికీ తప్పు అనిపించలేదు, ఎందుకంటే అది నేను రాసింది.

సోమవారం సెలవు పెట్టి ఏలూరులో ఇంజినీరు గారి ఆఫీసుకి వెళ్ళాను. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి ఫైలు తెప్పించారు. పైన నా కాగితం తళతళా మెరుస్తోంది. మెరుగవుతోంది అన్న మాట కింద ఎవరో ఎర్ర సిరాతో గీత గీశారు. పైపులైను వెయ్యాల్సిన ఊళ్ళ లిస్టులో ముందున్న ఆ ఊరిని చివరికి నెట్టారు. అది తప్పండీ, నీళ్ళు ఏమీ బాగుపడలేదండీ, నా నమూనాల్లో పొరపాటు జరిగిందండీ అని ఒక ఉత్తరం ఇచ్చాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు.

"అప్పుడు రాసింది నిజమాండీ, ఇప్పుడు రాసింది నిజమాండీ?" అన్నారు.

"ఇప్పుడు రాసిందండీ."

"రేపు ఇంకోటి తెస్తే దాన్నేం చెయ్యమంటారు మేడమ్? లిస్టు పై ఆఫీసుకి వెళ్ళిపోయింది. వచ్చేసారి చూద్దాం."

ఆయన అడిగిందీ న్యాయమే. ఆఫీసు బయట కాలువ వంతెన దగ్గర నిలబడి ఏడ్చాను. మేం రాసేవి ఎవరు చదువుతారని స్కాలర్ల గదిలో నవ్వుకునేవాళ్ళం. నాది చదివారు. ఊరంతా చదివింది, ఇంజినీరు చదివాడు, చదివి నమ్మారు. నమ్మినందుకు ఆ పిల్లలు ఇంకా ఎన్నేళ్ళు ఆ నీళ్ళు తాగాలో నాకు తెలీదు. లైబ్రరీలో చెదలు తిన్నా బాగుండేది.

గైడు గారికి చెబితే ముందు కోప్పడ్డారు, తర్వాత తలుపు వేసి రమ్మన్నారు. "ఎవరికి తెలుసమ్మా? నువ్వు చెబితే తెలుస్తుంది. జమ్ము అధ్యాయం బాగుంది, సబ్మిట్ చెయ్యి. నీకూ వయసు పైబడుతోంది" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, నా మీద జాలితోనే అన్నారు. ఆ జాలికి లొంగిపోదామని రెండు రోజులు నాకూ అనిపించింది. చివరికి ఆ అధ్యాయం తీసేశాను. ధైర్యంతో కాదు, ఆ గ్రాఫులు చూస్తుంటే మామ్మగారు విప్పి చూపించిన పచ్చటి గుడ్డే కనపడేది. ఇప్పుడు మొదటి ఏడాది లెక్కలు తప్ప నా దగ్గర ఏమీ లేవు. రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడింది.

ఊరికి వెళ్ళి చెప్పాలి. అది మాత్రం తప్పించుకోకూడదనుకున్నాను. రెండు ఆదివారాలు వాయిదా వేసి, మూడో ఆదివారం బయల్దేరాను. ఆటోలో గట్టు రోడ్డు పొడుగునా లోపల్లోపల అప్పజెప్పుకున్నాను. తప్పు నాదండీ. ఆవిడకి సరిగ్గా చెప్పలేదండీ. రెండేళ్ళు వచ్చి చూడలేదండీ. చూడకుండానే నేనే పట్టినట్టు రాసుకున్నానండీ. ఆవిడ తప్పు ఇసుమంత కూడా లేదండీ. గుడిలో బైబిలు వాక్యం అప్పజెప్పే పిల్లలాగా మళ్ళీ మళ్ళీ అనుకున్నాను. ఒక్క ముక్క కూడా మర్చిపోలేదు.

పెద్దాయన అరుగు మీద అప్పటికే పది మంది ఉన్నారు. నన్ను చూసి అందరూ లేచారు. కుర్చీ తుడిచి వేశారు, ఎవరో కూల్ డ్రింకు తెచ్చారు. మామ్మగారు అరుగు దాకా రాలేదు, అవతల స్తంభం పక్కన ఒంటరిగా నిలబడ్డారు. ఎప్పుడూ ఆవిడ పక్కనే ఉండే ఆడవాళ్ళు ఈ చివరికొచ్చి నించున్నారు. కోడలు కూడా ఇటే ఉంది. నేను నోరు తెరిచేలోపు పెద్దాయన చేతులు జోడించారు.

"అంతా విన్నామండీ, పైపు సంగతి ఏలూరు ఆఫీసులో కూడా చెప్పారు. ఆవిడే వచ్చి అందరి ముందూ ఒప్పుకుందండీ, నీళ్ళు వడగట్టింది నేనేనని. మీ చదువు పాడు చేసింది, ఊరికి రావలసిన పైపూ పోగొట్టింది. ఏం చేస్తామండీ, చదువూ సంధ్యా లేని మనిషి. ఊరి తరఫున మేం చెబుతున్నాం, మీరేమీ మనసులో పెట్టుకోకండి."

పది మందీ నా ముఖం వైపు చూస్తున్నారు, నేను కోప్పడతానేమోనని భయపడుతూ. చెప్పాల్సిందంతా నాలుక చివరే ఉంది. ఎదురుగా ఆయన జోడించిన చేతులు, నా చేతిలో చల్లటి సీసా.

"పర్వాలేదండీ" అన్నాను.

స్తంభం పక్కన మామ్మగారు తలెత్తి నా వైపు చూసి, మళ్ళీ దించేసుకున్నారు.